గుండుకు పూలజడ

వేసవి సెలవుల్లో నా తువ్వాలు నాకు పొడిగా దొరికిన రోజు ఒక్కటి కూడా లేదు. ఇదేమంత పెద్ద ఫిర్యాదు కాదు. దీనికోసం నేను ఎవరినీ నిలదీయలేదు, ఎవరితోనూ మాటలు మానుకోలేదు. కానీ మనిషన్నవాడు స్నానం ముగించి, తలుపు సందులోంచి చెయ్యి చాపి తువ్వాలు అందుకుంటే, అది తనకంటే ఎక్కువ తడిసి ఉండటంలో ఏదో అన్యాయం ఉంది. అంచుమీద నా పేరు కుట్టమని ఒకసారి మా ఆవిడను అడిగాను. "పేరు చదివి తుడుచుకునే వయసా వాళ్ళది?" అంది. నిజమే. ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లల్లో పెద్దదానికి ఐదేళ్ళు, చిన్నవాడికి మూడు.

ఐదేళ్ళది మా అమ్మాయి. మూడేళ్ళవాడు మా వదిన కొడుకు. వదిన అంటే మా ఆవిడకు అక్క. చిత్తూరులో టీచరు. తన బడి మూసిన మర్నాడే భర్తనూ కొడుకునూ వెంటబెట్టుకుని తిరుపతిలో మా ఇంట్లో దిగేది. బడి తెరిచే ముందురోజు బయల్దేరేది. మధ్యలో ఇంకెవరెవరో వచ్చి, కొండకు పోయి, లడ్డు చేతిలో పెట్టి వెళ్ళేవారు. ఇవి తొంభైల చివరి సంగతులు. తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాడికి వేసవిలో ఒంటరిగా ఉండే చోటు స్నానాలగది ఒక్కటే, దాని తలుపు కూడా ఎవరో ఒకరు కొడుతూనే ఉండేవారు.

పెరట్లో సిమెంటు తొట్టి ఉండేది. అందులో పట్టిన నీళ్ళు రాత్రిదాకా రావాలని మా అమ్మ కోరిక. అందులో కూర్చుంటే చల్లగా ఉంటుందని పిల్లల కోరిక. రెండూ న్యాయమైనవే. పది గంటలకు ఇద్దరినీ తొట్టిలోంచి తీసి, తుడిచి (దేనితో తుడిచేవారో పైన చెప్పాను), అరుగు మీద కూర్చోబెడితే పదిన్నరకు మళ్ళీ తొట్టిలోనే ఉండేవారు. మామిడిపండ్లు కూడా చల్లబడటానికి అందులోనే వేసేవాళ్ళం. మా అమ్మ పండు కోసం చెయ్యి పెడితే చాలాసార్లు ఏదో ఒక కాలు వచ్చేది.

మూడేళ్ళవాడికి సొంత అభిప్రాయాలు ఉండేవి కావు. అక్క ఏం చేస్తే అదే. అక్క చెప్పులు తిరగేసి వేసుకుంటే వాడూ తిరగేసేవాడు. అక్క అరుగు మీద బోర్లా పడుకుని చీమలను "మీదే ఊరు?" అని అడిగితే, వాడు పక్కనే పడుకుని "ఏ ఊలు?" అని గట్టిగా అడిగేవాడు. కాకరకాయ వేపుడు వాడికి నచ్చదు. అయినా అక్క తింటోంది కాబట్టి కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ తినేవాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. సమయానికి గుర్తు తెచ్చుకున్నవాడిని మాత్రం నేనే.

ఇక మా అమ్మాయి జుట్టు. పుట్టు వెంట్రుకలు ఐదో ఏట కొండమీద ఇస్తానని మా అమ్మ మొక్కుకుంది. అప్పటిదాకా కత్తెర తగలకూడదు. కాబట్టి ఆ జుట్టు ఐదేళ్ళపాటు దాని ఇష్టం వచ్చినట్టు పెరిగి నడుము దాకా వచ్చింది. మా ఆవిడ దానికి కుంకుడుకాయ, మందారాకు, కొబ్బరినూనె, ఇంకా నాకు పేర్లు తెలియనివి పట్టించేది. ఆ పిల్ల నిద్రపోతుంటే చిక్కు తీసేది. మా ఇంట్లో అంత శ్రద్ధగా చూసుకున్న వస్తువు మరొకటి లేదు, నన్ను కలుపుకుని.

దానికి కారణం ఉంది. చిత్తూరులో మా అత్తగారింటి హాల్లో మూడు ఫోటోలు ఉండేవి. మూడింటిలోనూ ఒకే భంగిమ: పట్టుపావడా కట్టిన చిన్నపిల్ల, వెనక నిలువుటద్దం, అద్దంలో తల నుంచి నడుము దాకా మల్లెమొగ్గలతో కుట్టిన పూలజడ. మొదటి ఫోటోలో మా పెద్ద వదిన, రెండోదానిలో నడిపి వదిన, మూడోదానిలో మా ఇంటికి వచ్చే ఈ వదిన. మా ఆవిడ నాలుగోది. ఆమెకు ఐదేళ్ళ వయసులో, మల్లెల కాలంలోనే, ఇంట్లో అందరికీ అమ్మవారు పోసింది. మరుసటి ఏడు ఎవరిదో పెళ్ళి. ఆ పై ఏడు అడిగితే "పెద్దదానివైపోయినావు, ఇంకేం పూలజడ" అన్నారట. నాలుగో ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఏ ఇంట్లోనైనా ఉత్సాహం కొంచెం తగ్గుతుంది. ఈ కథ ఆమె నవ్వుతూనే చెప్పేది. ఎవరు వచ్చినా చెప్పేది.

అందువల్ల ఆ ఏడు వేసవిలో మా ఇంట్లో ఒక షెడ్యూలు తయారైంది. మా అమ్మ కొండకు ముహూర్తం పెట్టింది.

"వచ్చే గురువారం పాపకు గుండు. ఐదో ఏడు దాటితే స్వామి ఊరుకోడు."

"అట్నే అత్తా," అంది మా ఆవిడ. "ఈ గురువారం ఫోటో. ఆ పైన మీ స్వామి ఇష్టం."

ఫోటో సాయంత్రం నాలుగు గంటలకు. ఎందుకు నాలుగంటే, పూలజడకు విచ్చిన పూలు పనికిరావు, మొగ్గలే కావాలి. మొగ్గలు మధ్యాహ్నం మార్కెట్టుకు వస్తాయి, ఐదు దాటితే విచ్చుకోవడం మొదలుపెడతాయి. మల్లెమొగ్గకు మన ఫోటోగ్రాఫరు ఖాళీ ఉన్నాడా లేడా అన్నది పట్టదు. మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కూర్చుని అరటినార మీద మొగ్గలు వరసలు కుట్టి పెట్టుకుంటారు, పిల్లకు సవరం పెట్టి జడ వేసి దానిమీద ఈ పూల పట్టీ బిగిస్తారు, నాలుగింటికి స్టూడియో.

అంతా బాగానే ఉంది. అదే రోజు పొద్దున మా వదిన కొడుక్కి గుండు కొట్టించే పని కూడా ఉంది. అది చిన్న పనే అనుకున్నాం. మొదటి బస్సులో పోయి, పన్నెండుకల్లా వచ్చేయొచ్చు. పుట్టు వెంట్రుకలు మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి. అత్తగారికి నలుగురూ ఆడపిల్లలే కాబట్టి ఆ ఇంటికి మేనమామ లేడు. ఒడి బాధ్యత నామీద పడింది. పిల్లవాడి తండ్రి, నా తోడల్లుడు, తోడుగా వస్తానన్నాడు. ఆయన చిత్తూరులో ఉద్యోగి, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఏ పనైనా "నాకొదిలెయ్యప్పా" అంటాడు. అన్న తర్వాత ఆ పని ఎలాగో నా చేతిలోకి వస్తుంది.

అక్క రాకపోతే నేనూ రానని పిల్లవాడు గడప పట్టుకున్నాడు. సరే, మా అమ్మాయి కూడా బయల్దేరింది. మా ఆవిడ గేటు దగ్గర నాకు మూడు మాటలు చెప్పింది.

"జడ విప్పొద్దండి. జుట్టు తడపొద్దు. ఎండలో తిప్పొద్దు."

గుండు కొట్టించొద్దు అని చెప్పలేదు. ఆ మాత్రం నాకు తెలుసు అనుకుంది.

కొండమీద గుండ్లు చేసే హాలు మీలో చాలామంది చూసే ఉంటారు. తడి నేల, కుళాయిలు, కత్తులు పట్టుకుని వరసగా కూర్చున్న పెద్దమనుషులు, ప్రతి ఒక్కరి ముందు ఒక వంచిన తల. తలకొక టికెట్టు, టికెట్టుతోపాటు సగం బ్లేడు. మా తోడల్లుడు రెండు టికెట్లు తెచ్చాడు.

"రెండెందుకన్నా?" అన్నాను.

"నేనూ ఇస్తా ఉండాను ఈసారి. నాయన కూడా కొట్టిచ్చుకుంటే పిల్లోడికి ధైర్యం గదా. మొక్కేమీ లేదులే, ఊరికే."

పిల్లవాడు కత్తి చూశాడు. మూడేళ్ళ మనిషిలో అంత బలం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నా ఒడిలోంచి లేచి, భుజం ఎక్కి, నా జుట్టు రెండు పిడికిళ్ళతో పట్టుకుని, తిరుపతిలో ఉన్న వాళ్ళమ్మకు వినపడేలా అరవడం మొదలుపెట్టాడు. మేం ఎంచుకున్న పెద్దాయన, తెల్ల మీసాల మనిషి, కత్తి పట్టుకుని ఓపిగ్గా చూస్తున్నాడు. మా వెనక క్యూ అంత ఓపిగ్గా లేదు.

"ముందు నువ్వు చేయించుకుంటే సూస్తాడేమోనన్నా," అన్నాను తోడల్లుడితో.

ఆయన తన తల తడుముకున్నాడు. "నాయన్ను సూసి నేర్చుకునే రకమా వాడు? వాడిది పూరా అక్క పార్టీ గదప్పా."

అప్పుడే నాకు ఆలోచన వచ్చింది. దీనికి బాధ్యత పూర్తిగా నాది. చాలా ఏళ్ళుగా నా మీదే ఉంది, ఎవరూ పంచుకోలేదు.

"పాపను ముందు కూర్చోబెడదామన్నా. నీళ్ళు పూసినట్టు, కత్తి పెట్టినట్టు పెద్దాయన ఊరికే నటిస్తాడు. వీడు సూసి తనూ కూర్చుంటాడు."

"ఎం.కాం. చదివినోళ్ళ బుర్రే బుర్రప్పా!" అని తన టికెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. కాస్త తొందరగానే పెట్టాడని తర్వాత తోచింది.

మా అమ్మాయి సంతోషంగా వెళ్ళి పీట మీద కూర్చుంది. నేను పెద్దాయనకు టికెట్టు ఇచ్చి, "ముందు ఈ పాపకు చెయ్యి స్వామీ," అని, కన్ను కొట్టాను.

నా తప్పు అక్కడ ఉంది. పొద్దున్నుంచి సాయంత్రందాకా తలలు చూసే మనిషి, కళ్ళు చూడడు.

నేను పిల్లవాడిని భుజం మీంచి దించే పనిలో పడ్డాను. "అదో అక్కను సూడు, అదో అక్కను సూడు" అంటూ ఒక్కొక్క వేలూ విడదీసి, వాడి ముఖం అటు తిప్పాను. నేనూ తిరిగాను. పెద్దాయన తన పనిలో మంచి నేర్పరి. నుదుటి దగ్గర మొదలుపెట్టి నడినెత్తి దాకా ఒక్కటే లాగు లాగాడు.

"ఆపు ఆపు ఆపు స్వామీ!"

ఆపాడు. "ఏమి?"

"ఊరికే నీళ్ళు పూస్తావనుకున్నా."

"నీళ్ళు పూపించుకోను కొండెక్కి వచ్చినారా?"

"మిగతాది... ఉంచేదానికి అయితాదా?" అన్నాను.

ఆయన పిల్ల గడ్డం పట్టుకుని తల నావైపు వంచి చూపించాడు. "నువ్వే సూడు. ఉంచమంటే ఉంచుతా. నాకేం?"

చూశాను. అటు సగం, ఇటు సగం, జుట్టు చెక్కుచెదరలేదు. మధ్యలో పాపిడి మాత్రం నాలుగు వేళ్ళ వెడల్పు ఉంది. దాన్ని నేను కొంచెంసేపు ఆశతో పరిశీలించాను. పెద్ద పాపిడిబిళ్ళ ఏదైనా దొరికితే? మా తోడల్లుడు కూడా వంగి చూసి, "కష్టమప్పా," అన్నాడు.

"తాతా, నువ్వు ఆపొద్దు," అంది మా అమ్మాయి పెద్దాయనతో. "సల్లగా ఉండాది."

ఐదేళ్ళ కుంకుడుకాయలు, మందారాకులు మూడు నిమిషాల్లో కిందికి వచ్చేశాయి. అది చూసి పిల్లవాడు ఏడుపు ఆపాడు. తర్వాత నవ్వాడు. తర్వాత "నాకీ! నాకీ!" అంటూ నా ఒడిలోంచి తనంతట తానే తల ముందుకు చాపాడు. కిమ్మనకుండా చేయించుకున్నాడు. నా ఉపాయం నూటికి నూరుపాళ్ళు పారింది. ఆ రోజు మొత్తంలో పారింది అదొక్కటే.

"మరి నువ్వన్నా?" అన్నాను తోడల్లుడితో.

"నా టికెట్టు అయిపోయింది గదప్పా," అన్నాడు బాధగా.

ఇద్దరికీ గంధం పూయించాం. దారిలో ఎస్టీడీ బూత్ కనిపిస్తే ఆగాను. మా ఇంట్లో ఫోను లేదు, పక్కింట్లో ఉండేది. పక్కింటావిడ ఎత్తింది.

"ఉండన్నా, పిలుస్తా. మొగ్గలు తేను ఇప్పుడే పోయొచ్చినారు. మంచి మొగ్గలు దొరికినాయంట, సంబరంగా ఉండారు."

"పిలవొద్దులేమ్మా. వస్తా ఉండామని చెప్పు చాలు."

"అంతేనా?"

"అంతే."

దిగేటప్పుడు బస్సులో మా అమ్మాయి, పిల్లవాడు ఒకరి గుండు ఒకరు తడుముకుంటూ, ఎవరిది నున్నగా ఉందని వాదించుకున్నారు. వెనకసీటు ముసలావిడను తీర్పు చెప్పమన్నారు. ఆవిడ రెండూ తడిమి చూసి, "రెండూ బాగుండాయి నాయనా," అని, నన్నడిగింది, "ఇద్దరూ మగబిడ్డలేనా?" బస్టాండులో దిగగానే మా తోడల్లుడు, "నువ్వు ముందు పో, మామిడిపండ్లు తీసుకోనొస్తా. పండ్ల సంగతి నాకొదిలెయ్యప్పా," అన్నాడు. మొదటిసారిగా ఆయన ఆ పని నిజంగానే తన చేతుల్లోకి తీసుకున్నాడు. పండ్లతో ఆయన సాయంత్రం ఆరింటికి వచ్చాడు.

ఇంటి గేటు దగ్గర నా చేతిరుమాలు తీసి మా అమ్మాయి తలకు కట్టాను. ఎందుకు కట్టానో నాకే తెలియదు. కొన్ని నిమిషాలు కొనుక్కుందామని కావచ్చు.

హాల్లో తడిగుడ్డ మీద మల్లెమొగ్గలు కుప్పగా ఉన్నాయి. ఇల్లంతా అదే వాసన. మా వదిన అరటినార మీద మొగ్గలు వరసగా కుడుతోంది. రెండు వరసల మల్లె, ఒక వరస కనకాంబరం, మధ్యలో మరువం. మా ఆవిడ దువ్వెన, సవరం, జడకుప్పెలు, పాపిడిబిళ్ళ అన్నీ పీట పక్కన వరసగా సర్దుకుని ఉంది. ఆపరేషన్ గదిలో కూడా అంత పద్ధతిగా సర్దరు.

పిల్లవాడు గుండు చూపించుకుంటూ వాళ్ళమ్మ మీదికి ఉరికాడు. మా ఆవిడ నవ్వుతూ తలెత్తి, నా వెనక ఉన్న మా అమ్మాయిని చూసింది.

"ఎండ తగలకుండా రుమాలు కట్టినారా! ఇంత తెలివి ఎప్పుడొచ్చిందండీ మీకు?"

పెళ్ళయిన ఏడేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్న సందర్భాల్లో ఇదొకటి. నేను దాన్ని కొంచెంసేపు అనుభవించాను. ఈలోగా మా అమ్మాయి రుమాలు లాగి పారేసింది.

"సూడమ్మా, నాదే నున్నగా ఉండాది!"

మా వదిన సూది ఆగిపోయింది. మా ఆవిడ ఆ గుండును చూసింది. దువ్వెన చూసింది. నన్ను చూసింది. నేను జరిగింది చెప్పాను. కన్ను కొట్టిన సంగతి కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

"మజ్జిగ తాగుతారా?" అంది.

మా ఆవిడతో పరిచయం లేనివాళ్ళకు ఇది మామూలు ప్రశ్నలా కనిపించవచ్చు.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుండు చూసి రెండు చేతులూ జోడించింది. "గోవిందా! సూసినావా, స్వామే పిలిపించుకున్నాడు. మనం వచ్చే గురువారమంటే ఆయన ఈరోజే అన్నాడు. వారం ముందయింది, అంతే గదే!"

"వారం ముందు కాదత్తా," అంది మా ఆవిడ. "మూడు గంటల ముందు."

ఆమె గేటు వైపు చూసి, "మా బావ యాడ?" అంది.

"మామిడిపండ్లకు పోయినాడు."

"ఆయనా గుండు కొట్టిచ్చుకుంటానన్నాడే?"

"టికెట్టు చాల్లేదు."

నేను మజ్జిగ తాగాను.

మా వదిన మెల్లగా కుట్టిన వరసలు పక్కన పెట్టబోయింది. "మొగ్గలు దేవుడికి వేద్దాంలేవే. ఏం సేస్తాం."

"కుట్టక్కా," అంది మా ఆవిడ.

"దేనికే? బిడ్డ తల సూస్తివి గదా."

"నువ్వు కుట్టు."

ఆమె లేచి హాలంతా ఒకసారి చూసింది. మనుషులను కాదు, వస్తువులను. మా నాయన వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. పేపరు అంచు మీంచి కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"మామా, మీ టోపీ యాడుండాది?"

మా నాయనకు ఒక మంకీ టోపీ ఉండేది. నల్ల ఉన్నిది, మా అమ్మ అల్లింది. డిసెంబరులో తెల్లవారుజామున నడకకు పోయేటప్పుడు పెట్టుకునేవాడు. అది పెట్టుకుంటే ఆయన మా నాయన అని కుక్కలు కూడా గుర్తుపట్టేవి కావు.

"మే నెల్లో టోపీ ఏందమ్మా?"

"కావాల మామా."

మా నాయన పేపరు మడిచాడు. కోడలి ముఖం చూశాడు. వెళ్ళి ట్రంకుపెట్టె అడుగు నుంచి, కర్పూరం ఉండల వాసనతో సహా, టోపీ తెచ్చి ఇచ్చాడు. "డిసెంబరు లోపల ఇచ్చేస్తారు గదా?" అని మాత్రం అడిగాడు.

తర్వాతి గంటన్నరలో మా హాల్లో జరిగిన పనిని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. టోపీ ముఖం పెట్టే భాగం లోపలికి మడిచి కుట్టారు. నల్ల ఉన్ని మధ్యలో మా వదిన తెల్ల దారంతో సన్నగా ఒక గీత కుట్టింది: పాపిడి. పాపిడికి ముందు పాపిడిబిళ్ళ. టోపీ వెనక సవరం బిగించి, సవరం మీద పూలపట్టీ కుట్టి, కొసన జడకుప్పెలు వేలాడదీశారు. పదడుగుల దూరంలో, వెలుతురు తక్కువగా ఉంటే, కళ్ళజోడు తీసేసిన మనిషికి అది జుట్టులాగే ఉంటుంది.

"ఎట్లుండాది?" అని నన్ను అడిగారు.

"బాగుండాది," అన్నాను. ఆ మధ్యాహ్నం నన్ను ఏమడిగినా బాగుండాది అనేవాడిని.

అది పెట్టించుకున్న మా అమ్మాయి అద్దంలో చూసుకుని, "నేను తాతలా ఉండా," అంది. పిల్లవాడు తనకూ తాత టోపీ కావాలని నేలమీద పడి దొర్లాడు. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం, గంధం పూసిన గుండు మీద ఉన్ని టోపీ, టోపీ మీద పూలజడ, కింద పట్టుపావడా. ఆటోలో స్టూడియోకు పోతుంటే ఆ పిల్ల చెవుల పక్కనుంచి పసుపుపచ్చటి చెమట కారింది. నేను పేపరుతో విసిరాను. మా ఆవిడ జడ నలగకుండా రెండు చేతుల మీద పట్టుకుని కూర్చుంది, చంటిపిల్లను పట్టుకున్నట్టు.

ఫోటోగ్రాఫరు పెద్దవయసు మనిషి. స్టూడియోలో ఒక నిలువుటద్దం, ఒక పరదా, పరదా మీద రెండు హంసలు. ఆయన పిల్లను అద్దం ముందు నిలబెట్టి, వెనక్కి వచ్చి, కెమెరాలోంచి చూసి, తల పైకెత్తి, నేరుగా చూసి, మళ్ళీ కెమెరాలోంచి చూశాడు.

"అల్లిక బాగుండాదే," అన్నాడు.

"జడల్లికా?" అంది మా ఆవిడ.

"కాదమ్మా. ఉన్ని అల్లిక."

ఆయన లైట్లు వేశాడు. పిల్ల అద్దంలో జడ కనపడేలా కాస్త పక్కకు తిరగాలి. తిరిగింది. మొగ్గలు, సవరం, కుప్పెలు కలిసి మంచి బరువు ఉన్నాయి. ఆ బరువుకు టోపీ మెల్లగా వెనక్కి జారింది. పాపిడిబిళ్ళ నుదుటి మీంచి నడినెత్తికి పోయింది. దాని ముందర రెండంగుళాల గంధపు గుండు మెరిసింది. మా ఆవిడ పరిగెత్తి టోపీ ముందుకు లాగింది. ఈసారి పాపిడిబిళ్ళ ముక్కు మీదికి వచ్చింది. గడ్డం కింద రిబ్బను కట్టింది. రిబ్బను బిగిస్తే పిల్ల నోరు తెరవలేదు, వదులు చేస్తే టోపీ ఆగదు.

"నవ్వు పాపా," అన్నాడు ఫోటోగ్రాఫరు.

"నవ్వితే ఊడిపోతాది," అంది మా అమ్మాయి పళ్ళ సందులోంచి.

కరెంటు పోయింది. ఆయన వీధి తలుపు తెరిచాడు. వెలుతురుతోపాటు వేడిగాలి వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. నేను వాతావరణం తేలికపరచడానికి, "ఊటీలో తీసినట్టు రాదా అన్నా?" అన్నాను. మా ఆవిడ నావైపు తిరగను కూడా తిరగలేదు.

కరెంటు వచ్చేసరికి ఐదు కావస్తోంది. జడ చివర కుప్పెల దగ్గర ఒక మొగ్గ విచ్చుకుంది. దాని పైది సగం విచ్చుకుంది. మా ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, విచ్చుకున్న ఒక్కొక్క రెక్కనూ వేళ్ళతో మూసి అదుముతోంది. మూసింది మూసినట్టే మళ్ళీ విచ్చుకుంటోంది. ఆమె చెమట తుడుచుకోవడం లేదు.

ఫోటోగ్రాఫరు కెమెరా మీంచి చెయ్యి తీసేశాడు. "నేను నొక్కితే మంచిగా నొక్కాల గదమ్మా," అన్నాడు. "ఎందుకింత తంటా? జుట్టు మళ్ళీ వస్తాది. రెండేండ్లాగి రాండి, నేనే తీస్తా."

"రెండేండ్లయితే పెద్దదైపోతాదన్నా," అంది మా ఆవిడ, మొగ్గ మీంచి చూపు తిప్పకుండా. "ఒక్కటి తీయండి. ఒక్కటి చాలు. బంగారూ, ఒక్క నిమిషం నిలబడమ్మా. అమ్మకోసం."

మా అమ్మాయి ఒక్క నిమిషం నిలబడింది. నిజంగానే కదలకుండా నిలబడింది. గంధం కరిగి కంట్లోకి కారింది. అప్పుడు రెండు చేతులూ ఎత్తి, రిబ్బనుతో సహా, పాపిడితో సహా, టోపీ ఊడబీకి, జడ నేల తగలకుండా జాగ్రత్తగా పట్టుకుని వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టింది.

"నీకు జుట్టుండాది గదా. నువ్వే ఏసుకోమ్మా."